వంటింటి గిన్నె మారకుండా ఒంటి బరువు దిగదు

ఈ నెల నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలలో బరువును గురించి అడిగినవే ఎక్కువ. ఒకే తీరుగా ఉన్న ప్రశ్నలను కలిపి, పేర్లు వేయవద్దని చాలామంది కోరినందున ఊరి పేరు మాత్రం ఉంచి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 41 సంవత్సరాలు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 78 కిలోలు. మొదట ఒక పౌడరు డబ్బా తెచ్చుకొని రెండు పూటలా అదే తాగితే రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను, మానేశాక ఏడు పెరిగాను. తరువాత అన్నం పూర్తిగా మానేశాను, అది నెల కూడా సాగలేదు. పోయిన సంక్రాంతి తరువాత ఎన్జీ కాలేజీ గ్రౌండులో నడక మొదలుపెడితే ఉగాది వచ్చేసరికి ఎండలకు ఆగిపోయింది. ఇంట్లో అత్తమ్మ, మా ఆయన, ఇద్దరు పిల్లలు ఉన్నారు, అందరికీ నేనే వండాలి. నాకు పట్టుదల లేదని అంటున్నారు. లోపం నిజంగా నాలోనే ఉందా? – ఒక గృహిణి, నల్లగొండ

జవాబు: మీ ఉత్తరంలో నాకు పట్టుదల లోటు కనిపించలేదు, మూడుసార్లు మళ్లీ మొదలుపెట్టిన మనిషిని పట్టుదల లేదనడం అన్యాయం. మీరు పట్టిన మూడు దారులూ మీ ఇంటి వంటకు, మీ రోజు నడిచే తీరుకు వేరుగా ఉన్నందువల్ల వాటిని నిలబెట్టుకోవడానికి మీరు రోజూ ఇంటితో కొట్లాడవలసి వచ్చింది. అట్లా కొట్లాడి ఎవరూ ఏళ్ల తరబడి నెగ్గలేరు.

పౌడరు సంగతి ముందు చెబుతాను. రెండు పూటల భోజనం తీసేస్తే కేలరీలు పడిపోయి బరువు దిగుతుంది, అందులో పౌడరు మహిమ ఏమీ లేదు. మొదటి వారాల్లో దిగినదంతా కొవ్వు కూడా కాదు. కాలేయంలోనూ కండరాలలోనూ గ్లైకోజెన్ రూపంలో నిలువ ఉండే పిండిపదార్థం ఖర్చయి, దానిని అంటిపెట్టుకొని ఉన్న నీరు బయటికి పోవడం వల్ల కాటా చప్పున తగ్గి చూపిస్తుంది. ఆ తరువాత కొవ్వుతో పాటు కొంత కండ కూడా కరుగుతుంది. తగ్గిన శరీరానికి మునుపటి కంటే తక్కువ కేలరీలు చాలు, ఆకలి మాత్రం మునుపటి కంటే ఎక్కువ వేస్తుంది. సరిగ్గా ఆ సమయంలో డబ్బా అయిపోయి పాత భోజనానికి తిరిగి వస్తే, పోయిన బరువు రావడమే కాక, కండ పోయిన చోట ఎక్కువగా కొవ్వే చేరుతుంది. మీకు ఏడు కిలోలు పెరగడంలో వింత ఏమీ లేదు.

మీ ఎత్తుకు 78 కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును చూసే కొలత, 31 దాటింది. భారతీయులలో 23 దాటితే అధిక బరువు అనీ, 25 దాటితే స్థూలకాయం అనీ మన వైద్యులు లెక్కిస్తారు. ఈ అంకెలు చూసి ఒక్కసారిగా ఇరవై కిలోలు దించాలని గురి పెట్టుకోకండి. ఉన్న బరువులో 5 శాతం, అంటే మీ విషయంలో నాలుగు కిలోలు తగ్గినా రక్తపోటు, షుగర్ అదుపులో తేడా తెలుస్తుంది. వారానికి అరకిలో దిగితే మంచి వేగమే, పావుకిలో దిగినా చింతించవలసిన పని లేదు. మొదలుపెట్టే ముందు ఒకసారి థైరాయిడ్, షుగర్, రక్తపోటు చూపించుకోండి, ఎందుకంటే థైరాయిడ్ మందగించి ఉంటే దానికి మందు పడకుండా మీరు ఎంత కష్టపడినా ఫలితం అరకొరగానే ఉంటుంది.

ఇక వంటింటికి వద్దాం. మీకు విడిగా వండుకునే పద్ధతి ఏదీ నేను సూచించను, ఐదుగురికి వండే మనిషి ఆరో వంట వండుకోలేదు. అందరి గిన్నెలోనే మార్పు రావాలి, అది నూనెతో మొదలు కావాలి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సలహా ప్రకారం మనిషికి రోజుకు 20 నుంచి 30 గ్రాముల నూనె సరిపోతుంది. మీ ఇంట్లో ఐదుగురికి నెలకు లెక్క వేస్తే సుమారు 4 లీటర్లు. ఈ నెల ఒకటో తేదీన తెచ్చిన ప్యాకెట్లను ఒక కాగితం మీద రాసి వంటింటి తలుపుకు అంటించి, నెలాఖరుకు ఎన్ని ఖాళీ అయ్యాయో చూడండి. 7 లీటర్లు అయితే, ఆ ఎక్కువైన 3 లీటర్ల వల్ల ఒక్కొక్కరికి రోజుకు 160 కేలరీల పైచిలుకు అదనంగా వెళ్తున్నట్టు లెక్క. మీ బరువున్న మనిషి అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు అంతే. పోపుకు నూనెను సీసాతో వంచకుండా చెంచాతో కొలిచి వేయడం, వేయించిన నూనెను మళ్లీ కూరలోకి పోయకపోవడం, ఆలుగడ్డ వేపుడు చేసే రోజులలో ఒకటి రెండింటిని పప్పుకూరకు మార్చడం, ఇవి ఇంట్లో ఎవరికీ చెప్పకుండానే చేయగల పనులు. నెలకు అర లీటరు చొప్పున తగ్గిస్తూ వస్తే అత్తమ్మగారి నాలుకకు కూడా తేడా తెలియదు.

అన్నం మానవద్దు, దాని చోటు తగ్గించండి. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో ప్రారంభమైన రేషన్ సన్నబియ్యం పథకంలో మనిషికి నెలకు 6 కిలోలు ఇస్తున్నారు. రోజుకు 200 గ్రాములు, అంటే 700 కేలరీలు, బియ్యం నుంచే వస్తాయన్న మాట. కష్టం చేసే మనిషికి అది ఎక్కువ కాదు, కూర్చునే మనిషికి మాత్రం దాని పైన ఇంకేమి తింటున్నామో చూసుకోవలసి ఉంటుంది. పోషకాహార సంస్థ 2,000 కేలరీల భోజనానికి ఇచ్చిన కొలతలో ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. మన కంచాలలో ఈ వరుస తలకిందులుగా ఉంటుంది: అన్నం నిండుగా, కూర అంచున, పప్పు నీళ్లలా. మీరు కంచంలో ముందు కూర, పప్పు వడ్డించుకొని, మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. నాలుగు గంటెలు పెట్టుకునే చోట మూడు పెట్టుకొని, రెండు వారాల తరువాత మళ్లీ ఆలోచించండి. పచ్చిపులుసు నాకూ ఇష్టమే, కానీ అందులో పప్పు లేదు. దానితో తినే పూట ఉడికించిన గుడ్డో, గుప్పెడు శనగలో పక్కన లేకపోతే సాయంత్రం నాలుగింటికే కడుపు కాలుతుంది, చేయి చిరుతిళ్ల డబ్బాలోకి పోతుంది.

డబ్బా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. సంక్రాంతి నాడు సకినాలు తినడం వల్ల ఎవరూ లావెక్కరు, ఆ తరువాత పదిహేను రోజులు చాయ్‌తో పాటు డబ్బా మూత తీయడం వల్ల లావెక్కుతారు. పండుగకు చేయండి, తినండి, పంచండి. కాకపోతే ఎప్పుడూ పోసే బియ్యంలో సగమే నానబోయండి.

మీ నడక ఆగిపోయింది ఎండ వల్ల, బద్ధకం వల్ల కాదు. నల్లగొండలో ఏప్రిల్ నెలలో ఏడు గంటలకే గ్రౌండులో నిలవలేము. పిల్లలను బడికి పంపి నడవడం శీతకాలపు వేళ, దానికి వేసవి వేళ ఒకటి ముందే అనుకొని ఉండాలి: రాత్రి భోజనం అయ్యాక మిద్దె మీదనో, వీధిలోనో పదిహేను నిమిషాలు, తెల్లవారుజామున వీలైతే ఇంకో పదిహేను. తిన్న తరువాత నడిచే ఆ కాసేపటి నడక రక్తంలో చక్కెర ఎగబాకకుండా కూడా చూస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండరాలకు పని చెప్పమని అంటోంది. మన ఆడవాళ్లు రెండో మాట అసలు పట్టించుకోరు. కుర్చీలో నుంచి చేతులు ఆనకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పదిసార్లు ముందుకు వంగి లేవడం, రెండు చేతులతో నీళ్ల బిందె ఎత్తి దించడం, వారంలో రెండు రోజులు ఇవి రెండు మూడు విడతలు చేస్తే తగ్గే బరువులో కండ పోకుండా కాపాడుకున్నవారవుతారు.

ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏ పనైనా అలవాటవుతుందనే మాట విని ఉంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి చూస్తే మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజులే చాలాయి, మరికొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా వారు గమనించారు. కాబట్టి పెళ్లికో దావత్‌కో వెళ్లి వచ్చిన మరునాడు ఉపవాసం ఉండకుండా, మామూలు భోజనానికి, మామూలు నడకకు తిరిగి రండి. కాటా వారానికి ఒకసారి, పొద్దున పరగడుపున చూసుకుంటే చాలు.

ప్రశ్న: మా వైపు జొన్న రొట్టె రోజువారీ తిండి. రొట్టె తింటే సన్నబడతారని అందరూ అంటున్నారు, నేను రెండు పూటలా రొట్టెలే తింటున్నా బరువు తగ్గడం లేదు. కారణం ఏమిటి? – ఒక పాఠకుడు, నారాయణపేట

జవాబు: బియ్యంలోనూ జొన్నలోనూ కేలరీలు దాదాపు సమానం. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో 356 ఉంటే, జొన్నలో 334 ఉంటాయి. తేడా అంతా పీచులో ఉంది: బియ్యంలో 3 గ్రాముల లోపు, జొన్నలో 10 గ్రాములకు పైన. పీచు వల్ల నమలడానికి సమయం పడుతుంది, కడుపు త్వరగా నిండినట్టు ఉంటుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. అందువల్ల రెండు రొట్టెలతో ఆగగలిగితేనే జొన్న మీకు సాయం చేసినట్టు. నాలుగు రొట్టెలు, వాటి మీద నెయ్యి, పక్కన పల్లి పొడిలో నూనె కలుపుకొని, చివరగా పెరుగన్నం కూడా తింటే లెక్క బియ్యం కంటే పైకే పోతుంది. పల్లీలు మంచి తిండే కానీ 100 గ్రాములలో 500 కేలరీలకు పైగా ఉంటాయి కాబట్టి, పొడి చెంచాలతో వేసుకోవలసినది, గుప్పెళ్లతో కాదు. మీ తాతల కాలంలో ఇదే రొట్టె తిని సన్నగా ఉన్నారంటే, దాని వెనక నాగలి ఉంది, వలసపోయి తట్టలు మోసిన శ్రమ ఉంది. రొట్టెతో పాటు ఆకుకూర పప్పు, ఉల్లిగడ్డ, మజ్జిగ ఉంచి, పెరుగన్నం మానండి.

ప్రశ్న: నేను ఆర్టీసీ డ్రైవరును, వయసు 46. ప్యాంటు నడుము సైజు 34 నుంచి 38కి వచ్చింది. డ్యూటీ వేళలు ఒక్క తీరుగా ఉండవు, రాత్రి పదకొండుకు తింటాను, దారిలో ఆరేడు చాయ్‌లు తాగుతాను. ఈ ఉద్యోగంలో బరువు తగ్గడం సాధ్యమేనా? – మహబూబ్‌నగర్

జవాబు: సాధ్యమే, కాకపోతే గడియారాన్ని నమ్ముకున్న సలహాలు మీకు పనికిరావు. ముందు ఒక టేపు తీసుకొని బొడ్డు దగ్గర చుట్టుకొలత చూసుకోండి, ఎందుకంటే బొజ్జ పెరిగిన మగవారు ప్యాంటును దాని కిందికి కట్టుకుంటారు, అసలు కొలత 38 కంటే ఎక్కువే ఉండవచ్చు. మన మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఐదున్నర అంగుళాలు దాటితే పేగుల చుట్టూ కొవ్వు చేరినట్టు, షుగర్, గుండె జబ్బుల వైపు అడుగు పడినట్టు అనుకోవాలి.

చాయ్ దగ్గర మొదలుపెట్టండి. రెండు చెంచాల చక్కెరతో ఆరు చాయ్‌లంటే 60 గ్రాముల చక్కెర. రోజుకు 25 నుంచి 30 గ్రాములు దాటవద్దని పోషకాహార సంస్థ అంటోంది. హోటళ్లలో చక్కెర ముందే కలిపి ఉంటుంది, చెప్పినా తగ్గించరు. అందువల్ల మూడు చాయ్‌లకు రండి, మిగిలిన చోట్ల నీళ్లు తాగండి. మూత్రానికి ఆగడం కుదరదని నీళ్లు తాగని డ్రైవర్లు చాలామంది ఉన్నారు, దాని వల్ల కిడ్నీ రాళ్ల బాధ రావచ్చు.

రాత్రి పదకొండు గంటల భోజనం తప్పదంటే దాని బరువు తగ్గించండి. ఇంటి నుంచి సద్ది కట్టుకొని వెళ్లి, రెండు జొన్న రొట్టెలు, గట్టి కూర, రెండు ఉడికించిన గుడ్లు లేదా శనగ గుగ్గిళ్లు సాయంత్రం ఆరేడు గంటల ప్రాంతంలో ఏదో ఒక బస్టాండులో తినేయండి. అప్పుడు డ్యూటీ దిగాక మజ్జిగతో కొంచెం అన్నం చాలు, బస్టాండు మిర్చి బజ్జీ వైపు చూపు కూడా తగ్గుతుంది. బండి ఆగిన ప్రతిచోటా సీట్లోనే కూర్చోకుండా దిగి, బస్సు చుట్టూ తిరిగి టైర్లు చూసుకునే అలవాటు ఉంటే దానినే పది నిమిషాల నడకగా పెంచండి.

ఒక ముఖ్యమైన విషయం. మీకు గట్టిగా గురక వచ్చి, తగినంత పడుకున్నా పగలు కునుకు పడుతున్నట్టయితే, బరువు తగ్గేదాకా ఆగకుండా వైద్యులకు చూపించుకోండి. మెడ దగ్గర కొవ్వు చేరి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు లావైన మగవారిలో తరచుగా ఉంటుంది, స్టీరింగు పట్టిన మనిషికి అది ప్రయాణికుల ప్రాణాల సంగతి.

ప్రశ్న: రోజుకు పది వేల అడుగులు తప్పనిసరిగా వేయాలా? నాకు ఆరేడు వేలు దాటడం లేదు. – సూర్యాపేట

జవాబు: తప్పనిసరి కాదు. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరులో నుంచి పుట్టింది, వైద్య పరీక్షలలో నుంచి కాదు. ఏడెనిమిది వేల అడుగుల దగ్గరే ఆరోగ్యానికి కలిగే మేలులో ఎక్కువ భాగం దక్కుతుందని తరువాతి పరిశోధనలు చూపుతున్నాయి. మీ అడుగులు దాదాపు సరిపోతాయి. వాటిలో కొన్నింటిని, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో వేయండి.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. వయసు 58, బరువు 82 కిలోలు. చిన్ననాటి నుంచి బోరు నీళ్లు తాగిన ఫలితంగా ఎముకల్లో ఫ్లోరైడ్ ఉందని చెప్పారు. నడుము వంగదు, మోకాళ్లు నొస్తాయి. బరువు తగ్గమని డాక్టరు అంటున్నారు, నడిస్తే నొప్పి. ఏం చేయాలి? – ఒక రైతు

జవాబు: మీ ప్రశ్నకు పట్టణపు సలహా పనికిరాదు. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ ఏళ్ల మీద గానీ బయటికి పోదు, కీళ్ల చుట్టూ ఉండే తంతువులు గట్టిపడి వెన్ను కొయ్యబారుతుంది. దానిని వ్యాయామంతో వంచాలని చూడడం ప్రమాదం. మెడను గానీ నడుమును గానీ బలవంతంగా తిప్పించే మాలిష్‌లకు వెళ్లవద్దు. కాళ్లలో తిమ్మిరి, నడకలో తడబాటు, మూత్రం మీద అదుపు తప్పడం వంటివి కనిపిస్తే వెన్నుపాము మీద ఒత్తిడి పడుతున్నదని అనుమానించి వెంటనే నరాల వైద్యులను కలవండి.

బరువు తగ్గమని మీ డాక్టరు చెప్పడంలో అర్థం ఉంది. ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది. అయితే మీరు ఆ తగ్గుదలను నడకతో కాక కంచంతో తెచ్చుకోవాలి, వ్యాయామాన్ని కండ బలం కోసం ఉంచుకోవాలి. మంచం మీద వెల్లకిలా పడుకొని, ఒక మోకాలు మడిచి, రెండో కాలును నిటారుగా జానెడు ఎత్తి ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి; ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలు. తొడ కండ బలపడితే మోకాలి నొప్పి తగ్గుతుంది. నడక ఒక్కసారి అరగంట కాక, చదునైన రోడ్డు మీద పది నిమిషాలు చొప్పున మూడు విడతలు నడవండి, కర్ర పట్టుకోవడానికి మొహమాటపడవద్దు. కింద కూర్చొని తినడం మాని కుర్చీకి మారండి.

నీటి సంగతి కూడా చూసుకోండి. మిషన్ భగీరథ పుణ్యాన కృష్ణా నీళ్లు తాగుతూనే వంటకు మాత్రం బోరు నీళ్లు వాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరే కొద్దీ చిక్కబడుతుంది. పప్పు ఉడికే నీళ్లు, అన్నం వండే నీళ్లు కూడా తాగే నీళ్లే అయి ఉండాలి. చాయ్ ఆకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి రోజుకు ఒకటి రెండుకు మించవద్దు. పాలు, పెరుగు, ఉసిరి, మన బత్తాయి మీకు మంచివి. బత్తాయిని రసం తీయకుండా తొనలుగా తింటే పీచు కూడా దక్కుతుంది.

ప్రశ్న: వారానికి ఒక్క ఇంజెక్షన్‌తో బరువు తగ్గుతున్నారట. నా వయసు 27, బరువు 74, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. వచ్చే మాఘమాసంలో పెళ్లి. తీసుకోవచ్చా? – ఒక యువకుడు, వనపర్తి

జవాబు: మీకు ఆ అవసరం లేదు. 2025లో మన దేశంలోకి వచ్చిన టిర్జెపటైడ్ వంటి ఈ మందులు నిజంగానే పనిచేస్తాయి, కానీ అవి స్థూలకాయం తీవ్రంగా ఉన్నవారికి, లేదా దానితో పాటు షుగర్ వంటి జబ్బులున్నవారికి వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చేవి. వికారం, వాంతులు సాధారణం, కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, ఆపిన తరువాత పోయిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది. మీ బీఎంఐ 25 దాటి కొంచెమే పైన ఉంది. పైన నల్లగొండ పాఠకురాలికి చెప్పిన నూనె లెక్క మీ ఇంట్లోనూ వేసి చూడండి, రాత్రి పూట కూల్‌డ్రింకులు, బిర్యానీలు ఎన్నిసార్లు వస్తున్నాయో రాసుకోండి. మాఘమాసం నాటికి మూడు నాలుగు కిలోలు ఇబ్బంది లేకుండా దిగుతాయి. షేర్వాణీ కొలత మాత్రం ఇప్పుడే ఇవ్వకండి.